ఉంటే, ఉంటేనే: డాక్టరు దగ్గర దాచుకున్న గుట్టు మీద ఒక రీజనింగ్ ప్రశ్న

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం, పదో తరగతి పిల్లలను కూడా కూర్చోబెట్టి జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పోటీ పరీక్షల్లో రీజనింగ్ అని ఒకటి ఉంటోంది గదా, ఎలాగూ ఇంజనీరువి, దాని మీద పిల్లలకు అరగంట మాట్లాడు" అన్నారు. రీజనింగ్ అనగానే పిల్లలకు గుర్తొచ్చేవి గడియారం ముళ్ళ మధ్య కోణం, రక్తసంబంధాల చిక్కుముళ్ళు, వరుసలో ఎడమ నుంచి పదకొండోవాడు. అవి సాధన చేస్తే వస్తాయి. వాటికి నేనక్కర్లేదు, గుంటూరు కోచింగ్ సెంటర్లు చాలు. నేను ఒకే ఒక్క ప్రశ్న తెచ్చాను. లా కోర్సులో చేరడానికి రాసే క్లాట్ పరీక్షలో ఒకప్పుడు ఒక సూత్రం ఇచ్చి, ఒక సంగతి చెప్పి, ఆ సూత్రాన్ని బట్టి ఏది సరైందో అడిగేవాళ్ళు. ఆ పద్ధతిలో నేనే తయారు చేశాను. ఉన్న అరగంటా దీని మీదే.

సూత్రం: రోగి తనతో చెప్పుకున్న గుట్టును డాక్టరు ఇంకెవరికీ చెప్పకూడదు. ఫలానా అని తెలిసిన ఒక మనిషికి దానివల్ల తీవ్రమైన ప్రమాదం ఉంటేనే, ఆ మనిషికి చెప్పవచ్చు.

సంగతి: ఒక యువకుడు ఒక డాక్టరుగారి దగ్గర మందులు వాడుతున్నాడు. అతనికి పెళ్ళి కుదిరింది. అమ్మాయి తండ్రి డాక్టరుగారి దగ్గరికి వచ్చి, "అబ్బాయికి ఏమైనా జబ్బుందా?" అని అడిగాడు. డాక్టరుగారు ఏమీ చెప్పకుండా పంపించారు. తర్వాత సంగతి బయటపడింది. తండ్రి అన్నాడు: "మా అమ్మాయికి ప్రమాదం ఉంది. ప్రమాదం ఉంటే చెప్పాలని సూత్రం ఉంది. చెప్పలేదు గనక డాక్టరు సూత్రం తప్పాడు."

జవాబులు నాలుగు. అ) తండ్రి మాట సరైందే. ఆ) సరికాదు, ఎప్పుడు చెప్పవచ్చో సూత్రం అన్నది గాని, చెప్పి తీరాలని అనలేదు. ఇ) సరికాదు; గుట్టు ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకూడదని సూత్రం అంటోంది. ఈ) అమ్మాయికి నిజంగా ప్రమాదం ఉందో లేదో తెలిస్తేగాని తేల్చలేం.

చేతులెత్తమన్నాను. చూశారు గదా, పిల్లల్లో సగానికి పైగా మొదటి జవాబుకే ఎత్తారు. వెనక వరుసల్లో పెద్దవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఎత్తారు. ఆడపిల్లల తండ్రులు రెండు చేతులూ ఎత్తినట్టున్నారు. తప్పేం లేదు, నాకూ ఒక కూతురుంది. కానీ పరీక్ష మనల్ని ఎవరి పక్షం అని అడగలేదు. ఆ సూత్రంలో నుంచి ఆ మాట వస్తుందా రాదా అని అడిగింది.

జవాబు 'ఆ'. ఎందుకో చూద్దాం.

తెలుగులో ఒక్క అక్షరం ఉంది, 'నే'. ఇంగ్లీషువాళ్ళు రెండు మూడు మాటలు వాడితేగాని చెప్పలేనిది మనం ఆ ఒక్క అక్షరంతో చెప్తాం. "హాల్ టికెట్ ఉంటే లోపలికి రానిస్తారు", "హాల్ టికెట్ ఉంటేనే లోపలికి రానిస్తారు". మొదటిదాంట్లో హాల్ టికెట్ ఉండటం చాలు, ఇంకేమీ అక్కర్లేదు. రెండోదాంట్లో హాల్ టికెట్ లేకపోతే లాభం లేదు, అంతే. ఉన్నా సరే, అరగంట ఆలస్యంగా వస్తే గేటు దగ్గర ఆపేయవచ్చు, జేబులో చీటీ దొరికితే బయటికి పంపవచ్చు. 'ఉంటే' అన్నది చాలినంత షరతు. 'ఉంటేనే' అన్నది తప్పనిసరి షరతు. తండ్రి తన వాదనలో ఏం చేశాడో చూడండి. సూత్రంలో ఉన్నది 'ఉంటేనే', ఆయన చదివింది 'ఉంటే'. 'నే' జారిపోయింది.

రెండోది కూడా జారింది. సూత్రంలో ఉన్నది 'చెప్పవచ్చు', ఆయన అన్నది 'చెప్పాలి'. ఒకటి అనుమతి, ఒకటి ఆజ్ఞ. పన్నెండు మాటలున్న ఒక వాక్యంలో రెండు చోట్ల రెండు అక్షరాలు మారితే డాక్టరు ముద్దాయి అయిపోయాడు.

మనం రోజూ మాట్లాడుకునే తీరు కూడా దీనికి కొంత కారణం. అమ్మ "అన్నం తింటే ఆడుకోనిస్తా" అంటే, తినకపోతే ఆడుకోనివ్వదని పిల్లవాడికి తెలుసు. అక్కడ 'నే' లేకపోయినా ఉన్నట్టే. ఇంట్లో అది చెల్లుతుంది, ఎందుకంటే అమ్మ ముఖం ఎదురుగా ఉంది. కాగితం మీద రాసిన సూత్రానికి ముఖం ఉండదు. మన ఊరి వావిలాల గోపాలకృష్ణయ్యగారు పరిపాలన తెలుగులో సాగాలని జీవితమంతా అడిగారు. చట్టాలను తెలుగు చేసేటప్పుడు ఒక్క 'నే' రాలిపోతే ఏమవుతుందో చూడటానికి ఈ ప్రశ్న చాలు.

'ఈ' జవాబుకు చేయెత్తినవాళ్ళు తెలివైనవాళ్ళు, కానీ పరీక్షలో మార్కు పోయేది వాళ్ళకే. సమాచారం చాలదంటారు. ఏ సమాచారం కావాలి? ప్రమాదం ఉందో లేదో. సరే, ఉందనే అనుకోండి. అప్పుడైనా సూత్రం 'చెప్పవచ్చు' అంటుందేగాని 'చెప్పాలి' అనదు. లేదనుకోండి, అప్పుడు చెప్పనే కూడదు. ఎటు చూసినా చెప్పకపోవడం సూత్రం తప్పడం కాలేదు. తేలిపోయినదానికి ఇంకా సమాచారం ఎందుకు? 'ఇ' అంటారా, సూత్రంలో రెండో వాక్యం చదవకుండానే చేయెత్తినవాళ్ళు. వాళ్ళ పేర్లు నేను మాస్టార్లకు చెప్పను.

నా ఉద్యోగం థర్మల్ ప్లాంటులో, కంట్రోల్స్ విభాగంలో. మాకు ఈ తేడా అన్నం పెట్టే తేడా. బాయిలర్‌కు నీళ్ళు తోడే పెద్ద పంపు ఉంటుంది. అది స్టార్ట్ కావాలంటే సక్షన్ వాల్వు తెరిచి ఉండాలి, లూబ్ ఆయిల్ ప్రెషర్ సరిపోను ఉండాలి, పైన ట్యాంకులో నీళ్ళు ఉండాలి. వీటిని పర్మిసివ్‌లు అంటాం. అన్నీ సరిగా ఉంటే పచ్చ లైటు వెలుగుతుంది. లైటు వెలిగినంత మాత్రాన పంపు తిరగదు, ఆపరేటర్ నొక్కాలి. అతను నొక్కకపోతే నేరం కాదు. ఆలోచించి, ఇప్పుడు వద్దని ఊరుకోవచ్చు. దీనికి పూర్తిగా వేరేది ఆటో స్టార్ట్. తిరుగుతున్న పంపు ట్రిప్ అయితే పక్కన స్టాండ్‌బైలో ఉన్న పంపు ఎవరినీ అడగకుండా దానంతటది తిరగాలి. మొదటిది 'వచ్చు', రెండోది 'తీరాలి'. పర్మిసివ్‌ను పొరపాటున ఆటో స్టార్ట్‌కు కలిపినవాణ్ణి ప్లాంటులో ఉంచరు. తండ్రిగారు చేసిన వైరింగ్ సరిగ్గా అదే.

ఇంతవరకూ మార్కుల సంగతి. ఇదంతా కాగితం మీది ఆటే అయితే నేను ఇంతదూరం వచ్చేవాణ్ణి కాదు. ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

1995లో ఒక ఈశాన్య రాష్ట్రపు ప్రభుత్వ వైద్యుడు ఒకరికి ఆపరేషన్ అయితే తోడుగా మద్రాసు వచ్చి, అక్కడ ఆసుపత్రిలో రక్తం ఇచ్చాడు. పరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తేలింది. ఆ సంగతి బయటికి పొక్కింది. ఆ డిసెంబరులో జరగాల్సిన పెళ్ళి ఆగిపోయింది. అంతటితో పోలేదు, ఊరంతటికీ తెలిసి వెలివేసినట్టు చూశారు. ఆయన సొంత రాష్ట్రం వదిలి మద్రాసు వచ్చి ఉండాల్సి వచ్చింది. నా గుట్టు బయటపెట్టారని ఆసుపత్రి మీద జాతీయ వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాడు, అక్కడ కాదన్నాక సుప్రీంకోర్టుకు. ఆయన పేరు బయటికి రాకూడదని కేసుకు పేరే 'ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్' అని పెట్టారు. పేరు తెలిసినా నేను చెప్పను, మీకూ దానితో పని లేదు.

1998 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. గోప్యత హక్కు ఉన్నదే, కానీ అది హద్దుల్లేని హక్కు కాదు, పెళ్ళి చేసుకోబోయే అమ్మాయికి ఆరోగ్యంగా బతికే హక్కుంది, ఈ రెండూ ఢీకొన్నప్పుడు ఆమె హక్కే పైచేయి అన్నారు. అంటే ఆసుపత్రి చెప్పడం తప్పు కాదు. ఇక్కడిదాకా మన సూత్రమే: ప్రమాదం ఉంది, చెప్పవచ్చు. కానీ కోర్టు ఇంకో అడుగు వేసింది. ప్రాణాంతకమైన జబ్బును అంటించడం శిక్షాస్మృతి 269, 270 సెక్షన్ల కింద నేరం గనక, ఆసుపత్రి నోరు మూసుకుని ఉంటే ఆ నేరంలో పాలుపంచుకున్నట్టే అయ్యేదన్నది. చూడండి, 'చెప్పినా తప్పు లేదు' అనే చోట నుంచి 'చెప్పకపోతే తప్పు' అనే చోటికి ఎంత తేలిగ్గా వచ్చేశామో. మన పిల్లలు చేతులెత్తిన దారి అదే. పైగా ఆ జబ్బు ఉన్నవాళ్ళ పెళ్ళి హక్కు మీద కూడా కోర్టు ఆ తీర్పులోనే వ్యాఖ్యలు చేసింది. ఆ వ్యాఖ్యలు ఆ కేసు తేల్చడానికి అవసరమే కాదని 2002 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అన్నది. అడిగిన ప్రశ్న వరకే జవాబు రాయాలని మన మాస్టార్లు ఎప్పుడూ చెప్పేదే.

'వచ్చు'ను 'తీరాలి'గా మార్చడం ఎప్పుడూ పొరపాటేనని నేననను. కాలిఫోర్నియాలో 1969లో, మన దేశం నుంచే చదువుకోవడానికి వెళ్ళిన ఒక కుర్రవాడు తనను కాదన్న అమ్మాయిని చంపుతానని మానసిక వైద్యుడితో చెప్పాడు. పోలీసులకు కబురు వెళ్ళిందిగాని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. కొన్ని వారాలకు చంపేశాడు. 1976లో అక్కడి సుప్రీంకోర్టు, అలాంటప్పుడు ఆ మనిషిని కాపాడే ప్రయత్నం వైద్యుడి బాధ్యత అన్నది. అక్కడ ఆలోచించి, కారణాలు చెప్పి, 'తీరాలి' అని సూత్రాన్నే మార్చారు. మనం చేసేది అది కాదు. సూత్రాన్ని మార్చకుండా, మార్చామని కూడా తెలియకుండా, మారినట్టు చదువుతాం.

మన చట్టం చివరికి ఏమన్నది? హెచ్‌ఐవీ విషయంలో 2017లో పార్లమెంటు చట్టం చేసింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. భాగస్వామికి చెప్పే సంగతి అందులో 9వ సెక్షన్. చెప్పేది డాక్టరో కౌన్సెలరో అయి ఉండాలి, ఇంకెవరికీ ఆ అధికారం లేదు. ఆ తర్వాత నాలుగు షరతులు: భాగస్వామికి జబ్బు సోకే ముప్పు గట్టిగా ఉందని సహేతుకంగా నమ్మాలి, నువ్వే చెప్పు అని రోగికి ముందు నచ్చజెప్పి ఉండాలి, అయినా అతను చెప్పడని తేలాలి, నేను చెప్పబోతున్నానని అతనికి తెలియజేయాలి. నాలుగూ 'మరియు'తో కలిశాయి. మా భాషలో సిరీస్‌లో నాలుగు స్విచ్‌లు, ఒక్కటి తెరుచుకున్నా కరెంటు పారదు. నాలుగూ మూసుకున్నా చట్టం అనేది 'చెప్పవచ్చు' అనే. చెప్పినందుకూ చెప్పనందుకూ డాక్టరు మీద కేసు ఉండదని విడిగా రాశారు. చెప్పేటప్పుడు కూడా ఎదురుగా కూర్చోబెట్టి, కౌన్సెలింగ్ చేసి చెప్పాలి; ఫోన్లో కాదు, మధ్యవర్తితో కాదు.

అదే సెక్షన్లో ఒక మినహాయింపు ఉంది, నాకు బాగా నచ్చింది. రోగి స్త్రీ అయితే, ఆ సంగతి చెబితే ఆమెను కొడతారనో, వదిలేస్తారనో, ఆమెకో పిల్లలకో హాని జరుగుతుందనో భయపడటానికి కారణం ఉంటే, భర్తకు చెప్పకూడదు. ఇక్కడ 'వచ్చు' కాదు, 'కూడదు'. పచ్చ లైటు వెలిగినా బటన్ పనిచేయకుండా అడ్డం పెట్టిన తాళం అన్నమాట. ఆ వాక్యం రాసినవాళ్ళకు మన ఊళ్ళు తెలుసు.

మొదటి షరతును కూడా కొంచెం ఆగి చూడాలి. 1995లో హెచ్‌ఐవీ అంటే ప్రమాదం అన్నమాటకు ఇంకో పేరు. 2004 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. కేసులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలతో మొదలుపెట్టారు, వాటిలో మనదీ ఒకటి. ఆ మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిస్తే, శారీరక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదని ఇవాళ వైద్యలోకం ఒప్పుకున్న మాట. అంటే 'జబ్బు ఉంది' నుంచి 'ముప్పు ఉంది' అనే దాకా ఉన్న మెట్టు దానంతటది వచ్చేది కాదు, డాక్టరు కొలిచి చూడాల్సింది. నా ప్రశ్నలో జబ్బు పేరు నేను రాయలేదు, గమనించారా? చేతులెత్తినవాళ్ళంతా మనసులో ఒక పేరు రాసుకున్నారు. ఆ అబ్బాయి వాడుతున్నవి థైరాయిడ్ మాత్రలైనా కావచ్చు గదా!

ఇంకొక మాట కూడా. చెప్పడం వేరు, పరీక్ష చేయడం వేరు. 2001లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు సింగరేణి కంపెనీ ఆసుపత్రి కేసు వచ్చింది. హెచ్‌ఐవీ పరీక్ష చేయకుండా రక్తం ఎక్కించడం వల్ల ఒక కార్మికుడి భార్యకు జబ్బు సోకింది. కోర్టు వ్యక్తి గోప్యతనూ ప్రజారోగ్యాన్నీ త్రాసులో పెట్టి వివరంగా చర్చించింది. గోప్యత ఉంది గదా అని రక్తం సీసాను పరీక్షించకుండా వదిలేస్తే అది గోప్యత కాదు, నిర్లక్ష్యం. అలాగే క్షయ. 2012 మే నుంచి ఏ డాక్టరైనా టీబీ కేసు చూస్తే ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇక్కడ 'తెలియజేయాలి' అనే ఉంది. చెప్పి తీరాలని అనదలుచుకున్నప్పుడు ప్రభుత్వానికి ఆ మాట రాయడం వచ్చునని దీన్నిబట్టి తెలుస్తోంది గదా. కానీ ఎవరికి? ప్రభుత్వానికి. వీధికి కాదు.

ఎవరికి అన్నచోట మన ప్రశ్నలోకి మళ్ళీ రావాలి. మొదటి నుంచీ ఒక మనిషి మాట ఎవరూ ఎత్తలేదు. డాక్టరు ఉన్నాడు, అబ్బాయి ఉన్నాడు, తండ్రి ఉన్నాడు. అమ్మాయి ఎక్కడ? సూత్రం అన్నది 'ప్రమాదం ఉన్న ఆ మనిషికి చెప్పవచ్చు' అని. ప్రమాదం ఉన్నది అమ్మాయికి, అడగడానికి వచ్చింది తండ్రి. ఒకవేళ ప్రమాదం నిజమే అయినా, డాక్టరు తండ్రికి చెప్పి ఉంటే, అప్పుడు సూత్రం తప్పినట్టయ్యేది. 2017 చట్టంలో కూడా భాగస్వామి అంటే భార్య, భర్త, లేదా అలా కలిసి బతుకుతున్న మనిషి. మామగారు కాదు, మేనమామ కాదు. నిశ్చితార్థం మాత్రమే అయిన అమ్మాయి ఆ మాట కిందికి వస్తుందా అన్నది లాయర్లు తేల్చాలి. కానీ తండ్రి రాడన్నది తేలిపోయింది. మన దగ్గర సంబంధాలు చూసేది పెద్దవాళ్ళే గనక, తెలుసుకునే హక్కు కూడా పెద్దవాళ్ళదే అనుకుంటాం. అమ్మాయి పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి. ముప్పు ఆమె ఒంటికి. తెలిసిన తర్వాత కూడా చేసుకుంటాననో వద్దనో అనవలసింది ఆమె.

ఇక మన ఊరి మాట. నేను ఇంతసేపూ డాక్టరు చెప్పడం, చెప్పకపోవడం అంటున్నాను. సత్తెనపల్లిలో గుట్టు పోయేది డాక్టరు నోటి నుంచి కాదని ఇక్కడున్న డాక్టరు మిత్రులకు తెలుసు. కాంపౌండరు పేరు పెట్టి పిలుస్తాడు: "షుగరు సుబ్బారావుగారూ, రండి!" మందుల షాపులో చీటీ కౌంటరు మీద పరుస్తాం, వెనకనున్నవాళ్ళు చదువుతారు. ల్యాబ్ రిపోర్టు కవరు అంటించి ఉండదు. గదిలో రోగితోపాటు ఇంకో నలుగురు బెంచీ మీద కూర్చుని ఉంటారు, వాళ్ళలో ఒకరు మన వీధే. ఇందుకే రాజుపాలెం వాళ్ళు ఇక్కడ చూపించుకోక నరసరావుపేట వెళతారు, నరసరావుపేట వాళ్ళు గుంటూరు వెళతారు, గుంటూరు వాళ్ళు హైదరాబాద్ వెళతారు. జబ్బు పెద్దదై కాదు, తెలిసిన ముఖాలు ఉండవని. అంతదూరం పోలేనివాళ్ళు దాచుకుంటారు. దాచుకున్న జబ్బే ముదురుతుంది, పదిమందికి అంటుకునేదీ అదే. డాక్టరు గుట్టు కాపాడటం రోగి మీద దయతో మాత్రమే కాదండీ. గుట్టు నిలబడుతుందని తెలిస్తేనే రోగి వస్తాడు, వస్తేనే మందు పడుతుంది, మందు పడితేనే ఆ అమ్మాయిలాంటి వాళ్ళకు ముప్పు తగ్గుతుంది. మూడు 'నే'లు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. చరక సంహిత విమానస్థానంలో, వైద్యుడు రోగి ఇంట్లోకి వెళ్ళినప్పుడు ఆ ఇంటి సంగతులు బయటికి తేకూడదని శిష్యుడికి చెప్పే నియమాల్లో ఉంది. ఇంటి గుట్టు లంకకు చేటని మనకు సామెత ఉండనే ఉంది.

ఇప్పుడు అన్నింటికంటే చిక్కు ప్రశ్న. డాక్టరు నోరు తెరవకపోతే గుట్టు నిలిచినట్టేనా? సంబంధాల కాలంలో ఒక డాక్టరుగారి దగ్గరికి నెలకు పదిమంది తండ్రులు వస్తారనుకోండి. తొమ్మిదిమంది అబ్బాయిలకు ఏమీ లేదు. వాళ్ళ సంగతి అడిగితే డాక్టరుగారు నవ్వి, "బంగారంలాంటి కుర్రాడు, నిక్షేపంగా చేసుకోండి" అంటారు. పదో తండ్రి వస్తే, "రోగి విషయాలు నేను చెప్పకూడదండి" అంటారు. ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్క గుట్టు బయటపెట్టలేదు. కానీ పదో తండ్రి మెట్లు దిగకముందే సంబంధం వదులుకున్నాడు. మౌనం అర్ధాంగీకారం అన్నారు, ఇక్కడ పూర్తి అంగీకారమే.

లాజిక్కులో ఇది ఎలాగంటే, "జబ్బు లేకపోతే డాక్టరు 'లేదు' అంటాడు" అన్నది రివాజు అయిందనుకోండి. దీన్ని తిరగేస్తే, "డాక్టరు 'లేదు' అనకపోతే జబ్బు ఉన్నట్టే." మొదటిది నిజమైతే రెండోది నిజం కాక తప్పదు. పరీక్షల్లో దీన్ని కాంట్రాపాజిటివ్ అంటారు. ఆ తొమ్మిదిమందికి మంచి మాట సాయం చేసిన డాక్టరే, తెలియకుండా పదోవాడి గుట్టు విప్పేశాడు. కాబట్టి పదోవాడి గుట్టు నిలవాలంటే ఏమీ లేని తొమ్మిదిమంది విషయంలో కూడా ఆయన నోరు మెదపకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇది చిన్న ఇబ్బంది. "నాకేం లేదని చెప్పడానికేం, డాక్టరుగారు ఎందుకు నసిగాడు?" అని నిష్ఠూరం కూడా. ఆ నిష్ఠూరం తొమ్మిదిమంది తలా కొంచెం పంచుకుంటేనే పదోవాడు బతుకుతాడు.

ఈ చుట్టుపక్కల పనిచేసిన ఒక పెద్ద డాక్టరుగారి గురించి మా నాన్న చెప్పేవారు. సంబంధం ఎంక్వయిరీకి ఎవరు వచ్చినా ఆయన మాట ఒకటే: "మీరూ, మీ అమ్మాయీ, ఆ అబ్బాయీ కలిసి రండి. అబ్బాయి ఒప్పుకుంటే అందరి ముందూ ఫైలు తీస్తాను." ఎవరికైనా అదే మాట, కలెక్టరు అడిగినా అదే. దాన్నిబట్టి ఎవరూ ఏమీ ఊహించుకోలేకపోయేవారు. ఆయన లాజిక్ పుస్తకాలు చదివారో లేదో గాని, ఆ ఒక్క వాక్యంలో కావలసినవన్నీ ఉన్నాయి. గుట్టు అబ్బాయిది, తాళంచెవి అతని దగ్గరే ఉంచారు. ముప్పు అమ్మాయిది, ఆమెను పిలిపించారు. అడిగే హక్కు ఉందనుకున్న తండ్రిని కూర్చోబెట్టి మర్యాద చేశారు. కలిసి వచ్చినవాళ్ళు ఎందరో తెలియదు. రానివాళ్ళు మాత్రం ఆయన్ను తిట్టుకునేవారట.

2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చారు. హక్కు అయినా హద్దులుంటాయనీ అన్నారు. ఆ హద్దు ఎక్కడ గీయాలో రీజనింగ్ చెప్పదు, అది మనుషులు కూర్చుని తేల్చుకోవలసింది. గీత గీశాక, అది ఎక్కడుందో సరిగ్గా చూడటం మాత్రం రీజనింగ్ పనే.

టైమయిందని కార్యదర్శిగారు గంట కొట్టేలా ఉన్నారు. పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చి దిగుతాను. ఈసారి సూత్రం నాది కాదు, 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి నుంచి. రోగి గుట్టును డాక్టరు బయటపెట్టకూడదు. అందుకు మినహాయింపులు మూడు. కోర్టులో న్యాయమూర్తి ఆజ్ఞాపించినప్పుడు. ఒక ఫలానా మనిషికి గాని, సమాజానికి గాని, లేక రెంటికీ గాని తీవ్రమైన, గుర్తించిన ముప్పు ఉన్నప్పుడు. ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బు అయినప్పుడు.

సంగతి: పత్తి బేళ్ళు వేసుకుని రోజూ గుంటూరు వెళ్ళివచ్చే లారీ డ్రైవరుకు మూర్ఛ వస్తోంది. లైసెన్సు దరఖాస్తులో మూర్ఛ వస్తుందా అని అడిగే చోట లేదని రాశాడు. మందులు వాడుతున్నాడు, రెండు నెలల్నించి మూర్ఛ రాలేదు. లారీ ఓనరు డాక్టరు దగ్గరికి వచ్చి, "మావాడికి ఒంట్లో ఏమిటండీ?" అని అడిగాడు. ముప్పు ఉందా? ఎవరికి? ఆ మనిషి పేరు ఎవరైనా చెప్పగలరా, చెప్పలేకపోతే ఏ మాట కింద వస్తుంది? డాక్టరు ఓనరుకు చెప్పవచ్చా, చెప్పాలా, చెప్పకూడదా? రవాణా ఆఫీసుకైతే? ముందు డ్రైవరుతో ఏం మాట్లాడాలి?

ఒక్కో జవాబుకు కారణం ఒక్క వాక్యంలో రాయండి. కాగితాలు భోజనాలయ్యాక లెక్కల మాస్టారికి ఇవ్వండి, సాయంత్రం సభ మొదలయ్యేలోగా దిద్ది ఇస్తాను.